యానిస్ ఉంటే ఫ్రీ త్రోల సంగతేంటి?

ప్రశ్న: మాది 12 జట్ల ఎన్‌బీఏ ఫ్యాంటసీ లీగ్ (నిజమైన బాస్కెట్‌బాల్ ఆటగాళ్లను ఎంచుకుని, వాళ్ల గణాంకాలతో పోటీపడే ఆట), రీబౌండ్లు, అసిస్టుల్లాంటి 9 విభాగాలు. ఆటగాళ్లను ఎంచుకునే మొదటి రౌండ్‌లో, ఫ్రీ త్రోల్లో (ఫౌల్ పడితే దక్కే అడ్డులేని షాట్లు) బలహీనుడైన యానిస్ అంటెటోకుంపోను తీసుకుంటే, ఫ్రీ త్రో శాతాన్ని మంచి గార్డులతో పూడ్చుకోవచ్చా?

జవాబు: వద్దండి, అది తీరే లోటు కాదు. ఒక్కో ఆటగాడి శాతాలను సగటు తీయరు. జట్టు మొత్తం వేసిన ఫ్రీ త్రోల్లో ఎన్ని పడ్డాయో చూస్తారు. యానిస్ 10 వేస్తే 6 పడ్డాయనుకోండి. తలా మూడు ఫ్రీ త్రోలు వేసే ముగ్గురు గార్డులు కలిసి 9కి 8 వేసినా మొత్తం 19కి 14, అంటే 74 శాతమే! ఆ విభాగాన్ని వదిలేయండి. అప్పుడు ఫ్రీ త్రోలు సరిగా పడవని మిగతావాళ్లు వెనకాడే రూడీ గోబేర్ లాంటి సెంటర్ మీకు చవకగా దొరికినట్టే: రీబౌండ్లు (తప్పిన షాట్ బంతిని పట్టడం), బ్లాకులు (షాట్లను అడ్డుకోవడం), ఫీల్డ్ గోల్ శాతం (ఆటలో వేసిన మామూలు షాట్లలో పడినవి). అసిస్టులిచ్చే (బుట్ట పడే పాస్‌లిచ్చే) గార్డులు త్వరగా అయిపోతారు, వాళ్లను ముందే పట్టుకోండి. త్రీలు (మూడు పాయింట్ల షాట్లు) వేసేవాళ్లు చివరి రౌండ్లలోనూ ఉంటారు. వారం పోటీలో ఎదుటి జట్టుపై గెలవాలంటే 9లో 5 విభాగాలు కావాలి, కాబట్టి రెండుకు మించి వదలకండి.