వేరుశనగ సాస్ బిగుసుకుపోయి, చల్లటి నూడుల్స్ ముద్దవుతుంటే

చల్లటి నూడుల్స్‌లో కలిపే వేరుశనగ సాస్ నీళ్లు పోయగానే గట్టిపడి విరిగినట్టయితే, దాన్ని పారేయకండి. ఈ సాస్‌కి వాడే పీనట్ బటర్‌లో (వేరుశనగ ముద్దలో) నూనె ఎక్కువ. కొద్ది నీళ్లు తగిలితే బిగుసుకుంటుంది, ఇంకాస్త పోస్తే మళ్లీ వదులవుతుంది. 200 గ్రాముల ఎండు నూడుల్స్‌కి 4 టేబుల్‌స్పూన్ల పీనట్ బటర్, 2 టేబుల్‌స్పూన్ల సోయా సాస్, 1 టేబుల్‌స్పూన్ వెనిగర్, 2 టీస్పూన్ల పంచదార, తురిమిన వెల్లుల్లి రెబ్బ ఒకటి సరిపోతాయి. గోరువెచ్చని నీళ్లు 5-6 టేబుల్‌స్పూన్లు, కొంచెం కొంచెంగా పోస్తూ గిలకొట్టండి. చల్లబడితే చిక్కబడుతుంది కాబట్టి చెంచాలోంచి ధారగా జారేంత పలచగా ఉంచండి.

నూడుల్స్ అంటుకునేది పైనున్న పిండి వల్ల. ఉడకగానే చన్నీళ్లలో చేత్తో రుద్ది కడిగి, నీళ్లు బాగా వార్చి, టీస్పూన్ నువ్వుల నూనె పట్టించండి. తడి మిగిలితే సాస్ పట్టదు, అసలు రుచి పోయేది ఇక్కడే. తినే ముందే కలపండి.