డబ్బు కట్టి అమెజాన్ అడవికి సేవకు వెళ్తే కెరీర్‌కు పనికొస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ జువాలజీ రెండో సంవత్సరం. జూలై చివరి నుంచి నాలుగు వారాల పాటు ఈక్వడార్ దేశంలోని అమెజాన్ ప్రాంతంలో, తేనా పట్టణం దగ్గర 'సర్వీస్ లెర్నింగ్' (సేవ చేస్తూ నేర్చుకోవడం) ప్రోగ్రామ్‌కి వెళ్తానంటోంది. కిచ్వా ఆదివాసీ కుటుంబం ఇంట్లో ఉంటూ మొక్కలు నాటాలి, బడిలో ఇంగ్లిష్ చెప్పాలి, వారానికోసారి ఆరోగ్య శిబిరంలో సాయం చేయాలి అని బ్రోషర్‌లో రాశారు. ఫీజు మాత్రం మా స్థోమతకు ఎక్కువే. తర్వాత విదేశాల్లో వైల్డ్‌లైఫ్ ఎమ్మెస్ చేయాలన్నది తన కోరిక. ఇది దానికి పనికొస్తుందా? ఆడపిల్లను అంత దూరం పంపడం క్షేమమేనా?

జవాబు: ముందు సూటిగా చెప్పేస్తాను. ఆ ప్రాంతానికి వెళ్లాలన్న ఆలోచన మంచిదే. మీరు రాసిన ప్రోగ్రామ్ మాత్రం ఇప్పుడున్న రూపంలో నాకు నచ్చలేదు. ఇంకా అడ్వాన్స్ కట్టకపోతే కట్టకండి.

బడి సంగతే చూడండి. ఈక్వడార్‌లో కోస్తాకు ఒక విద్యా క్యాలెండర్, కొండప్రాంతాలకూ అమెజాన్‌కూ కలిపి మరొకటి ఉంటాయి. తేనాలో నడిచేది రెండోది. అక్కడ బడులు సెప్టెంబర్‌లో తెరిచి జూలై మొదట్లోకల్లా ముగుస్తాయి. అంటే మీ అమ్మాయి వెళ్లే రోజుల్లో పిల్లలకు సెలవులు. మరి ఏ బడిలో పాఠం చెప్తుంది? సమ్మర్ క్యాంప్ ఏదైనా పెడుతున్నారేమో, తప్పు లేదు. కానీ ఆ మాట వాళ్లే ముందుగా చెప్పాలి. చెప్పలేదంటే బ్రోషర్ రాసినవాళ్లు ఆ ఊరి వాళ్లను అడగకుండానే రాశారన్న అనుమానం నాకు వస్తుంది. పైగా తనకు స్పానిష్ రాదు, పాఠం చెప్పిన అలవాటూ లేదు. నాలుగు వారాల్లో ఆ పిల్లలకు ఒరిగేది తక్కువ.

ఆరోగ్య శిబిరం విషయంలో ఇంకా గట్టిగా ఉండండి. జువాలజీ చదివే అమ్మాయి అక్కడ రిజిస్టర్‌లో పేర్లు రాయొచ్చు, సామాన్లు సర్దొచ్చు. బీపీ చూడటం, ఇంజెక్షన్ ఇవ్వడం, మందులు పంచడం వద్దు. శిక్షణ లేనివాళ్లు సొంత దేశంలో చేయకూడని పని ఇంకో దేశంలో పేదవాళ్ల మీద చేస్తే అది సేవ అనిపించుకోదు. అమెరికాలోని మెడికల్ కాలేజీల సంఘం ఏఏఎంసీ ఇలాంటి విదేశీ శిబిరాలకు వెళ్లే విద్యార్థుల కోసం ప్రత్యేకంగా మార్గదర్శకాలే ఇచ్చింది. శిక్షణకు మించిన పని చేశానని అప్లికేషన్‌లో రాసుకుంటే మేలు కన్నా కీడే ఎక్కువ.

ఇక మొక్కలు. ఏ జాతివి, ఎవరి నేలలో, నాటమని అడిగిందెవరు? అన్నిటికన్నా ముఖ్యం, గ్రూప్ వెళ్లిపోయాక వాటి చుట్టూ గడ్డి తీసేదెవరు? ఆ వానల్లో గడ్డి లేత మొక్కను ఇట్టే కప్పేస్తుంది. నాటిన మొక్కల లెక్క అందరూ చెప్తారు. రెండేళ్ల తర్వాత ఎన్ని బతికాయో అడిగి చూడండి, అసలు సంగతి బయటపడుతుంది.

సర్వీస్ లెర్నింగ్‌కు రాబర్ట్ సిగ్మన్ అనే ఆయన 1979లో మూడు సూత్రాలు రాశారు. ఏ సేవ కావాలో సేవ అందుకునేవాళ్లే నిర్ణయించాలి. ఆ పని అయ్యాక వాళ్ల సామర్థ్యం పెరగాలి. సేవ చేసేవాళ్లు కూడా విద్యార్థులే కాబట్టి, ఏం నేర్చుకోవాలన్నదాంట్లో వాళ్లకూ మాట ఉండాలి. మీ దగ్గరున్న బ్రోషర్‌ని వీటితో పోల్చి చూడండి. నాకైతే మొదటి సూత్రం దగ్గరే ఆగిపోయినట్టు కనిపిస్తోంది.

ఇంత విమర్శించి వెళ్లడం మంచిదే అని ఎందుకన్నానంటే, తేనా ఉన్న నాపో ప్రాంతం జువాలజీ విద్యార్థికి పెద్ద బడి. అక్కడి కిచ్వా కుటుంబాలు కోకో, అరటి, కర్రపెండలం, గుయూసా (టీలా కాచుకునే ఆకు), మందు మొక్కలు, కలప చెట్లు అన్నీ ఒకే చోట కలిపి పెంచుతాయి. ఆ తోటను చక్రా అంటారు, దాన్ని చూసుకునేది ఎక్కువగా ఆడవాళ్లే. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ దాన్ని ప్రపంచ ప్రాముఖ్యం గల వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. తెల్లవారుజామునే లేచి పొయ్యి చుట్టూ కూర్చుని గుయూసా ఆకు కాచుకు తాగడం, రాత్రి వచ్చిన కలలు చెప్పుకోవడం వాళ్ల ఆచారం. ఊరి పని ఏదైనా ఉంటే అందరూ కలిసి చేస్తారు, దాన్ని మింగా అంటారు. విద్యార్థులు ఊరు పిలిచిన మింగాలో ఓ చెయ్యి వేయడం వేరు, విద్యార్థుల కోసం ఊరు పని పుట్టించడం వేరు. నేనైతే మొదటి రకానికే డబ్బు కడతాను.

అదే ప్రాంతంలో అడవి మీద పెద్ద పోరాటాలు నడుస్తున్నాయి. తేనాకు దగ్గర్లో, హతున్‌యాకు నది ఒడ్డున యుత్సుపినో అనే చోట అక్రమ బంగారు తవ్వకాలు నేలనూ నదినీ పాడుచేశాయి. 2022 ఫిబ్రవరిలో సైన్యం, పోలీసులు దాడి చేసి యంత్రాలు పట్టుకున్నారు. 2008 నాటి రాజ్యాంగంలో ప్రకృతికి హక్కులు రాసుకున్న దేశం అది. 2023 ఆగస్టులో యాసునీ జాతీయ వనంలోని ఒక బ్లాక్‌లో చమురు భూమిలోనే వదిలేయాలని దాదాపు 59 శాతం ఓటర్లు తీర్పిచ్చారు. ఇవన్నీ తెలుసుకోకుండా ఫొటోలతో తిరిగొచ్చే ప్రోగ్రామ్‌కి 'లెర్నింగ్' అన్న పేరెందుకో నాకు అర్థం కాదు.

ఇప్పుడు కెరీర్ సంగతి. విదేశంలో నాలుగు వారాలు ఉన్నానన్న ఒక్క లైనుకు అడ్మిషన్ కమిటీ దగ్గర పెద్ద విలువ ఉండదు. డబ్బు కడితే ఎవరైనా వెళ్లొచ్చని వాళ్లకూ తెలుసు. 'ఆదివాసీల జీవితాలు మార్చాను' లాంటి వాక్యం కనిపిస్తే చదివేవాళ్లకు చిరాకే. 'చక్రా తోటలోనూ పక్కనున్న పచ్చికబయల్లోనూ ఉదయంపూట పక్షుల్ని లెక్కించాను, ఈబర్డ్‌లో (పక్షుల లెక్కలు నమోదు చేసే వెబ్‌సైట్) నమోదు చేశాను, తేడా ఇదీ, నా పద్ధతిలో లోపం ఇదీ' అని రాస్తే చదివే ప్రొఫెసర్ ఆగి చూస్తారు. కెమెరా ట్రాప్ (జంతువు కదిలితే దానంతటదే ఫొటో తీసే కెమెరా) పెట్టడం, జీపీఎస్ పాయింట్లు తీసి క్యూజీఐఎస్ అనే మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్‌లో మ్యాప్ గీయడం, 'ఆర్' అనే ప్రోగ్రామింగ్ భాషలో డేటా విశ్లేషించడం కెరీర్‌కి నిలిచే నైపుణ్యాలు. వీటిలో సగం వెళ్లకముందే నేర్చుకోవచ్చు, ఖర్చూ తక్కువ. ఒక జాగ్రత్త: అనుమతి లేకుండా కప్పనో పురుగునో ఆకునో శాంపిల్‌గా తీసుకోవడం, దేశం దాటించడం అక్కడ నేరం.

అందుకే నా సలహా, ప్రయాణం ఒక ఏడాది వాయిదా వేయండి. ఈలోగా స్పానిష్ ఏ2 స్థాయికి (రోజువారీ మాటలు నడిపేంత) తెచ్చుకోమనండి. తేనా దగ్గరే ఇకియామ్ అనే అమెజాన్ ప్రాంతీయ ప్రభుత్వ విశ్వవిద్యాలయం ఉంది. అలాంటి చోట పనిచేసే అధ్యాపకులెవరైనా గైడ్‌గా ఉండి, చివర్లో రిపోర్ట్ రాయించుకునే ఫీల్డ్ కోర్సు దొరుకుతుందేమో వెతకమనండి. తను పని చేయడం చూసినవాళ్లు రాసే రికమండేషన్ లెటర్‌కు సర్టిఫికెట్ కన్నా ఎంతో బరువుంటుంది. మీ అమ్మాయి అలిగితే అలగనివ్వండి. చూపించడానికి ఈ బడి సెలవుల విషయం ఉంది కదా, తనే ఆలోచిస్తుంది.

క్షేమం గురించి మీ టెన్షన్ సహజమే. 2024 జనవరిలో ముఠాల హింస వల్ల ఆ దేశాధ్యక్షుడు 'అంతర్గత సాయుధ సంఘర్షణ' ప్రకటించారు. గొడవలు ఎక్కువగా గుయాకిల్ వంటి కోస్తా నగరాల్లో జరిగాయి, తేనా అమెజాన్ వైపు ఉంటుంది. అయినా టికెట్ కొనేముందు తాజా ప్రభుత్వ ట్రావెల్ అడ్వైజరీలు చూడాల్సిందే. రోజువారీ ముప్పు మాత్రం ముఠాల కన్నా వానకు పొంగే వాగులు, దోమలు, పాములు, కొండదారుల నుంచే ఎక్కువ. రాజధాని కీటో 2,850 మీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడి నుంచి బస్సు 4,000 మీటర్ల కనుమ దాటి సుమారు 500 మీటర్ల ఎత్తులోని తేనాకు దిగుతుంది. దిగిన రోజే ప్రయాణం పెట్టుకోకుండా కీటోలో ఒక రాత్రి ఆగితే మంచిది.

నిర్వాహకులను ఇవి అడిగి జవాబు రాతపూర్వకంగా తీసుకోండి: తనకు తాళం వేసుకునే విడి గది ఉందా, స్థానిక మహిళా కోఆర్డినేటర్ ఉన్నారా, పాము విరుగుడు మందున్న ఆస్పత్రికి ఎంతసేపు పడుతుంది, ఇన్సూరెన్స్‌లో అత్యవసర తరలింపు ఉందా, ఫీజులో ఆతిథ్యం ఇచ్చే కుటుంబానికి ఎన్ని డాలర్లు అందుతాయి. 2000 నుంచి అక్కడి కరెన్సీ అమెరికా డాలరే కాబట్టి లెక్క చెప్పడం వాళ్లకు కష్టమేమీ కాదు. ఏ వీసా మీద వాలంటీర్ పని చేయొచ్చో మాత్రం ఈక్వడార్ కాన్సులేట్‌నే అడగండి.

పసుపు జ్వరం టీకా ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించాలి. ఆ సర్టిఫికెట్ తిరుగు ప్రయాణంలోనూ అడుగుతారు, పాస్‌పోర్ట్‌తో పాటే ఉంచమనండి. విమానం అమెరికా మీదుగా అయితే మారడానికి కూడా ట్రాన్సిట్ వీసా కావాల్సి రావచ్చు. మాడ్రిడ్, ఆమ్‌స్టర్‌డామ్ మీదుగా కీటో వెళ్లే దారులూ ఉన్నాయి, టికెట్ బుక్ చేసేముందు రెండూ పోల్చి చూడండి.