మీ ప్రశ్న – మా జవాబు: అకౌస్టిక్ బేస్ ఫ్రెట్లు ఇంట్లోనే పీకేయొచ్చా?

ప్రశ్న: అన్నా నమస్తే. మాది అనంతపురం, ఆదివారాలు చర్చిలో బేస్ (లావు తీగల, కింది స్వరాల గిటార్) వాయిస్తా. రెండేళ్ళ కిందట బెంగళూరులో సెకండ్ హ్యాండ్‌లో చవకగా ఒక అకౌస్టిక్ బేస్ గిటార్ తెచ్చుకున్నా. ఎండాకాలం వచ్చిందంటే చాలు ఫ్రెట్ల (గిటార్ మెడ, అంటే నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్ల) చివర్లు బయటికి పొడుచుకొచ్చి చెయ్యి గీరుకుపోతాంది. ఎట్లాగూ నాకు ఫ్రెట్‌లెస్ (ఫ్రెట్లు లేని) సౌండ్ అంటే పిచ్చి, అన్నీ పీకేసి ఇంట్లోనే ఫ్రెట్‌లెస్ చేసుకుందామని ఉంది. వీడియోల్లో చూస్తే పది నిమిషాల పని అన్నట్టు చూపిస్తాండారు, ఇక్కడ షాపాయన మాత్రం పీకితే ఇంక కట్టెల పొయ్యిలోకే అంటాండాడు. ఏం చేయమంటావు?

జవాబు: తమ్ముడూ, ఒకే జాబులో రెండు రోగాలు రాసినావు, రెండింటికీ మందు వేరే వేరే. ఫ్రెట్ చివర్లు గుచ్చుకోవడం మన ఊర్ల గాలి పని. అనంతపురం ఎండల్లో గాలిలో తేమ యాడుంటాది? చెక్క ఎండి అడ్డంగా కుంచించుకుపోతాది, లోహం ఉన్నంత పొడుగే ఉంటాది, అందుకే చివర్లు బయటికొస్తాయి. ఆ బాధ ఒక్కటే అయితే ఫ్రెట్లు పీకొద్దు, సన్న ఆకురాయి తీసుకొని నెక్ అంచు వెంబడి చివర్లు రుద్దుకో, అరపూట పని. పంటి నొప్పికి దవడ తీయించుకున్నట్టు చేయొద్దు.

లేదు, నాకు ఆ జారే సౌండే కావాలంటావా, అప్పుడు చేద్దాం. చవకది కాబట్టే చేద్దాం, మంచి గిటార్ అయితే నేనే వద్దంటా. ఇదేం కొత్త పిచ్చి కూడా కాదులే. తర్వాత రోలింగ్ స్టోన్స్ అనే ఇంగ్లీషు రాక్ బ్యాండ్‌లో చేరిన బిల్ వైమన్ 1961లో ఒక చవక బేస్ కొని, అరిగిన ఫ్రెట్లు పీకి కొత్తవి వేద్దామనుకొని, పీకినాక ఆ సౌండ్ నచ్చి అట్లనే వదిలేసినాడు. కంపెనీవాళ్ళు ఫ్రెట్‌లెస్ బేస్ అమ్మడం మొదలుపెట్టింది ఆ తర్వాతే, యాంపెగ్ 1966లో, ఫెండర్ 1970లో.

పది నిమిషాలు అన్నావే, అది పీకడానికి. పీకడం సులువే, అసలు పని అంతా ఆ తర్వాత ఉంది, నేను నేర్చుకున్నది కూడా ఒకటి పాడుచేసుకొనే. నా మొదటి గిటార్‌కి ఫ్రెట్లు చల్లగా ఉన్నప్పుడే కటింగ్ ప్లయర్‌తో పట్టి లాగినా, కింద వేళ్ళు నొక్కే రోజ్‌వుడ్ పలక (ఫింగర్‌బోర్డ్) పెచ్చులు పెచ్చులుగా లేచొచ్చింది. ఫ్రెట్లు పోయిన గాళ్ళల్లో ఎం-సీల్ నింపినా, నెల తిరక్కుండానే పలకలు పలకలుగా ఊడింది. సరే ఈసారి చెక్క అని, మందం చూసుకోకుండా చీలికలు సుత్తితో బిర్రుగా దిగ్గొట్టినా. ఇరవై గాళ్ళల్లో ఇరవై మేకులు దిగ్గొట్టినట్టయి నెక్ మొత్తం వెనక్కి విల్లులాగా వంగిపోయింది. ఆ నెక్ ఇప్పటికీ మా అటక మీదుంది.

కాబట్టి పీకే ముందే ట్రస్ రాడ్ చూసుకో. నెక్ లోపల ఉండే ఇనుప కడ్డీ అది, అలెన్ కీ పెట్టి తిప్పేది. పావు చుట్టు ఇటు, పావు చుట్టు అటు, తిరుగుతాందా లేదా? తుప్పు పట్టి బిగుసుకుపోయినా, అసలు రాడే లేకపోయినా ఈ పనికి దిగొద్దు. ఎందుకంటే నాలుగు బేస్ తీగలూ కలిసి నెక్‌ని దగ్గర దగ్గర 70 కిలోల బరువుతో ముందుకి లాగుతుంటాయి, ఫ్రెట్లు గాళ్ళల్లో బిర్రుగా కూర్చొని కొంత అడ్డం పడుతుంటాయి. అవి పోయి గాళ్ళు ఖాళీగా ఉంటే ఆ గాళ్ళు మూసుకుంటా నెక్ ముందుకి వంగుతాది. నేను చేసినట్టు జాస్తి బిర్రుగా నింపితే వెనక్కి. రెండింటి మధ్యలో సర్దుకోవాలంటే ఆ రాడ్ తిరగాల్సిందే.

ఇంక పీకడం. తీగలు తీసెయ్, ఫ్రెట్‌కి రెండు పక్కలా బ్లేడుతో సన్న గీత గియ్, పైన పాలిష్ పొర ఉంటే అది ఫ్రెట్‌తో పాటు లేచిరాకుండా. సోల్డరింగ్ ఐరన్ మొన ఫ్రెట్ మీద ఆనించి ఈ చివర నుంచి ఆ చివరకి మెల్లగా జరుపుతా పో, కింద బంక ఉంటే మెత్తబడతాది, ఎండిన చెక్క కూడా రవ్వంత వదులవుతాది. వేడెక్కిన రోజ్‌వుడ్ వాసన ఒకటి వస్తాది చూడు, తియ్యగా, సాంబ్రాణికి దగ్గరగా, ఆ వాసన వచ్చిందంటే టైమ్ అయిందని అర్థం, పొగ వచ్చిందంటే దాటిపోయిందని. అప్పుడు మేకులు పీకే పటకారు తీసుకో, కాకపోతే దాని మూతి ముందుగానే ఆకురాయితో చదునుగా అరగదీసి ఉండాల, లేకుంటే ఫ్రెట్ కిందికి దూరదు. ఒక చివర పట్టి మెల్లగా నొక్కుతా పో, నొక్కేకొద్దీ ఫ్రెట్ అదే పైకి లేస్తాది. పైకి లాగొద్దు, తిప్పొద్దు. ఫ్రెట్ కాలుకి చిన్న చిన్న కొక్కేలు ఉంటాయి, రేగుముల్లు పంచెకి పట్టుకున్నట్టు చెక్కని పట్టుకొని ఉంటాయి, గుంజితే ముల్లుతో పాటు గుడ్డ చినిగినట్టు చెక్క లేచొస్తాది. లేచిన పెచ్చు ఏదన్నా ఉంటే పారెయ్యకుండా అప్పటికప్పుడే ఒక చుక్క ఫెవిక్విక్‌తో అతికించు. బాడీ మీదికొచ్చిన చివరి ఫ్రెట్ల దగ్గర మాత్రం వేడి తక్కువ చూపించు, అక్కడ ఫింగర్‌బోర్డ్ కింద ఉండేది పల్చటి పైపలక, దాని బంక ఊడితే పెద్ద రిపేరు.

గాళ్ళు నింపేదానికి ప్లైవుడ్ షాపుకి పోయి వెనీర్ (పల్చటి చెక్క పొర) ముక్కలు అడుగు, చిన్న ముక్కలైతే ఊరికే కూడా ఇస్తారు. గాడి వెడల్పు మామూలుగా 0.5 నుంచి 0.6 మి.మీ. ఉంటాది. పాత ఏటీఎం కార్డు కోసి పెట్టొచ్చు కదా అని పిల్లలు అడుగుతుంటారు, అది 0.76 మి.మీ., దూరదు, దూర్చితే నా అటక మీది నెక్ గతే. చీలిక వేలితో ఒత్తితే దిగాల, సుత్తి పని ఉండకూడదు. తెల్ల చెక్క అయితే నల్ల రోజ్‌వుడ్ మీద గీతలు కనిపిస్తాయి, మొదట్లో ఆ గీతలే నీకు దిక్కు, సిగ్గుపడొద్దు. ఫెవికాల్ పూసి దిగ్గొట్టి, సారీ, దించి, ఒక రాత్రి ఆరనిచ్చి, పైకి మిగిలింది పదునైన ఉలితో కోసెయ్. ఆ తర్వాత ఎమ్రీ పేపర్, 180 నుంచి మొదలుపెట్టి 320, 400, 600. వేళ్ళతో పేపర్ పట్టుకొని రుద్దితే గుంతలు పడతాయి, పొడుగాటి చదును చెక్కకి పేపర్ అతికించి నెక్ పొడుగునా రుద్దు. ఫింగర్‌బోర్డ్ అడ్డంగా చూస్తే కొంచెం గుండ్రంగా ఉంటాది, ఆ వంపు పోగొట్టొద్దు. రోజ్‌వుడ్ పొడి కొంతమందికి దురద, తుమ్ములు తెప్పిస్తాది, మాస్క్ కట్టుకో, ఇంట్లో వంట జరిగేటప్పుడు ఈ రుద్దే పని అసలు పెట్టుకోవద్దు, అమ్మతో తిట్లు తింటావు.

చాలామంది ఇక్కడితో అయిపోయిందనుకొని తీగలు కట్టేస్తారు, అప్పుడేమో తీగలు ఆకాశంలో ఉంటాయి, నొక్కలేక వేళ్ళు పోతాయి, ఛీ ఫ్రెట్‌లెస్ అంటే ఇంతేనా అనుకుంటారు. ఫ్రెట్ ఎత్తు 1 మి.మీ.కి కాస్త అటూ ఇటూ ఉంటాది కదా, అది పోయినాక తీగ అంత ఎత్తు మిగిలిపోతాది. నట్ (నెక్ పై కొసన తీగలు ఆనే పట్టీ) దగ్గర గాళ్ళు లోతు చేయాల, శాడిల్ (బాడీ మీద తీగలు ఆనే పట్టీ) కింద వైపు అరగదీయాల. నట్ దగ్గర తీగకీ చెక్కకీ మధ్య విజిటింగ్ కార్డు దూరేంత సందు చాలు. సన్న ఆకురాయి లేకుంటే పాత బేస్ తీగ ముక్కనే రంపంలాగా వాడొచ్చు, లావు తీగ గాడికి లావు తీగ. లోతు జాస్తి అయిపోయిందా, గాడిలో చిటికెడు వంటసోడా వేసి ఒక చుక్క ఫెవిక్విక్ వదులు, క్షణంలో రాయిలాగా గట్టిపడతాది, మళ్ళీ అరగదీసుకో. ఆ ఆవిరి కంట్లో పడితే మండుతాది, మొహం దూరంగా పెట్టు.

శాడిల్‌ది ఇంకా ఓపిక పని. నీ గిటార్‌లో పికప్ (తీగల మోతని స్పీకర్‌కి పంపేది) ఉంటే దాని పట్టీ శాడిల్ కిందే ఉంటాది, శాడిల్ అడుగు వంకరగా అరిగితే ఒక తీగ గట్టిగా, ఒక తీగ సన్నగా మోగుతాది. అద్దం ముక్క మీద ఎమ్రీ పేపర్ అతికించు, శాడిల్ అడుగున పెన్సిల్‌తో గీతలు గీసి రుద్దు, గీతలన్నీ ఒకేసారి చెరిగిపోతుంటే సమంగా అరుగుతున్నట్టు. ఒక లెక్క గుర్తుపెట్టుకో, 12వ గీత దగ్గర తీగ 1 మి.మీ. దిగాలంటే శాడిల్ దగ్గర 2 తీయాల, ఆ గీత సరిగ్గా సగం దూరంలో ఉంటాది కాబట్టి. ఒకేసారి తీయొద్దు, తీగ కట్టి చూసి మళ్ళీ తియ్.

తీగలు కూడా మార్చాల. అకౌస్టిక్ బేస్‌కి వచ్చే కంచు తీగలు ఆకురాయి లాంటివి, జార్చి వాయించేకొద్దీ ఫింగర్‌బోర్డ్‌ని తినేస్తాయి. ఫ్లాట్‌వౌండ్ (పైన చదును పట్టీ చుట్టిన నున్నటి తీగలు) గానీ, పైన నల్ల నైలాన్ చుట్టినవి గానీ వేసుకో, నైలాన్‌వి అయితే నాకు ఇంకా ఇష్టం, నిలబెట్టి వాయించే పెద్ద డబుల్ బేస్ వాసన కొంచెం తగులుతాది.

ఇంక వేలు. ఫ్రెట్ ఉన్నప్పుడు ఫ్రెట్‌కి వెనక నొక్కేవాడివి, ఇప్పుడు సరిగ్గా గీత మీద నొక్కాల. నెక్ పక్కన ఉండే చుక్కల్ని నమ్మొద్దు, అవి రెండు గీతల మధ్యలో ఉంటాయి. 34 అంగుళాల స్కేల్ (నట్ నుంచి శాడిల్ దాకా తీగ పొడుగు) అయితే మొదటి సెమీటోన్‌కి (సగం స్వరానికి) 48 మి.మీ. జాగా ఉంటాది, 12 దాటినాక అదే 24కి దిగుతాది, అక్కడ వేలి వెడల్పు తప్పితే సగం స్వరం తప్పినట్టే. ఒక నెల రోజులు ఇంట్లో ఫోన్‌లో శృతి పెట్టుకొని వాయించు, ఆ తర్వాతే చర్చికి తీసుకుపో, పాస్టర్ గారు ఏమీ అనరు గానీ కీబోర్డ్ వాయించే పాప మాత్రం నీ వైపు తిరిగి చూస్తాది.

ప్రశ్న: సార్, మాది రాజంపేట పక్కన. పై పనికే అడుగుతున్నా, గాళ్ళు నింపడానికి ఎర్రచందనం చీలికలు పెడితే సౌండ్ బాగుంటుందా? మా వైపు పాత ముక్కలు దొరుకుతాయి.

జవాబు: అయ్యా, మీరు పెద్దవారు, చేతులు జోడించి చెప్తున్నా, దాని జోలికి పోవద్దు. పర్మిట్ లేకుండా ఇంట్లో ముక్క పెట్టుకున్నా కేసే, గిటార్ కోసం అంటే ఫారెస్టు వాళ్ళు నవ్వుతారు, నవ్వి కేసు రాస్తారు. పైగా అర మిల్లీమీటర్ చీలికకి సౌండ్ ఏం మారుతుంది సార్, టేకు పెట్టినా మామిడి పెట్టినా చెవికి తేడా తెలియదు. మీ అనుమానంలో ఒక మాట మాత్రం నిజం, ఈ శేషాచలం కట్టె వాయిద్యాలకి పేరుపడ్డదే, జపాన్‌లో షామిసెన్ అనే మూడు తీగల వాయిద్యాల్లో మేలురకం వాటికి నెక్ దీంతో చేసేవాళ్ళు. దానికి కూడా ఫ్రెట్లు ఉండవు.

ప్రశ్న: నేను కర్నూలులో పిల్లలకి వీణ చెప్తాను. మా అబ్బాయి బేస్ గిటార్ ఫ్రెట్లు తీసేసి గమకాలు పలికిస్తానంటున్నాడు. మెట్లు లేకుండా గమకం ఎలా? మా వీణకి 24 మెట్లూ ఉంటేనే కదా పలికేది.

జవాబు: అమ్మా, మీకు చెప్పేంతటివాణ్ణి కాదు. మీరు మెట్టు మీద తీగని పక్కకి లాగి గమకం తెస్తారు, మెట్టు గట్టిగా ఉంటేనే ఆ లాగుడు కుదురుతుంది. ఆ లావు బేస్ తీగని అట్ల లాగాలంటే మీవాడికి వేళ్ళు చాలవు. ఫ్రెట్ తీసేస్తే వయొలిన్ పద్ధతి వస్తుంది, వేలు జార్చడం, ఊపడం. జారు బాగా పలుకుతుంది, కంపితం కూడా ఒక మాదిరిగా పలుకుతుంది. చిత్రవీణకి కూడా మెట్లు లేవు కదమ్మా, గోటు అనే నున్నటి దిమ్మెని తీగ మీద జార్చే కదా వాయిస్తారు. ఇబ్బంది ఎక్కడంటే, బేస్‌లో అన్నిటికంటే లావు తీగ (E) 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, అంత కింద సన్న గమకం చెవికి అందదు, గుమగుమ అని మాత్రం వినిపిస్తుంది. అన్నిటికంటే సన్న తీగ (G) మీద, అదీ సగం దాటినాక వాయించమనండి. తప్పు పడితే చెవి మెలిపెట్టడానికి మీరున్నారు, ఫ్రెట్‌లెస్ నేర్చుకునే ఎవరికీ అంత అదృష్టం లేదు.

ప్రశ్న: జాకో పాస్టోరియస్ లాగా ఫింగర్‌బోర్డ్ మీద ఎపాక్సీ పొయ్యొచ్చా అన్నా? అరాల్డైట్ ఉంది ఇంట్లో. – కడప

జవాబు: ఫ్రెట్‌లెస్ బేస్‌కి పేరుపడ్డ ఆ అమెరికా ఆయన తన 1962 ఫెండర్ జాజ్ బేస్‌కి పడవలకి పూసే ఎపాక్సీ పూసినాడు, ఎందుకంటే రౌండ్‌వౌండ్ (పైన గుండ్రటి సన్న తీగ చుట్టిన గరుకు) తీగలు వాడేవాడు, అవి చెక్కని తినకుండా ఆ గాజు పొర. నువ్వు ఫ్లాట్‌వౌండ్ వేస్తే ఆ బాధే లేదు. అరాల్డైట్ చిక్కగా ఉంటాది, సమంగా పారదు, బుడగలు, పసుపు రంగు, తర్వాత అదంతా చదును చేసేసరికి పండగ పోతాది. పూయకుండానే కొన్నాళ్ళు వాయించి చూడు.

ప్రశ్న: పీకినాక నచ్చకపోతే మళ్ళీ ఫ్రెట్లు వేసుకోవచ్చా? అకౌస్టిక్‌లో సౌండ్ తగ్గుతుందంటారు, నిజమేనా? – తాడిపత్రి

జవాబు: వేసుకోవచ్చు, నింపిన చీలికని అదే వెడల్పు రంపంతో మళ్ళీ కోసి కొత్త ఫ్రెట్లు కొట్టాల, కాకపోతే అది పనివాడి చేతిలో పెట్టాల్సిన పని. పాతవి వంగి ఉంటాయి, దాచిపెట్టుకున్నా పనికిరావు. సౌండ్ తగ్గే మాట నిజమే. లోహం మీద ఆనే తీగ ఇప్పుడు వేలి కండ మీద, చెక్క మీద ఆనుతాది, మోత తొందరగా ఆగిపోతాది. అసలే అకౌస్టిక్ బేస్ బాడీ ఆ కింది స్వరాలకి చిన్నది, డబుల్ బేస్ అంత పెద్దగా ఎందుకుంటాదో ఇప్పుడు తెలిసిందా? ఇంట్లో ఫ్యాన్ ఆపి వాయించుకుంటే వినపడతాది, పక్కన తబలా ఉంటే ఆంప్ (సౌండ్ పెంచే స్పీకర్ పెట్టె) పెట్టుకోవాల్సిందే.