‘కె టాటా’ అంటే వీడ్కోలు కాదు మాస్టారూ

ప్రశ్న: నేను రిటైరైన తెలుగు మాస్టార్ని. హైదరాబాదులో చదువుకుంటున్న మా మనవరాలికి ‘దీపావళికి వస్తున్నావా అమ్మా’ అని వాట్సాప్‌లో పంపాను. ఇంగ్లీషు అక్షరాల్లో ‘కె టాటా’ అని జవాబొచ్చింది. ఏదో పనిలో ఉండి టాటా చెప్పిందనుకుని ఊరుకున్నాను. తీరా ఫోన్ చేస్తే అది ‘సరే తాతా’ అట! రెండు మాటలు తెలుగులో రాయడానికి ఇంత బద్ధకమా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మాస్టారూ, మీకెంత చివుక్కుమని ఉంటుందో తెలుసు, కానీ బద్ధకం అన్నమాట మాత్రం ఒప్పుకోలేను. ఆ రాత మీ మనవరాలు కనిపెట్టింది కాదు, బటన్ ఫోన్ల కాలంలో మేం అలవాటు చేసింది. అప్పట్లో ఒక్కో బటన్ మీద మూడు నాలుగు ఇంగ్లీషు అక్షరాలుండేవి. ‘సరే’ అని కొట్టాలంటే ‘ఎస్’ కోసం 7ని నాలుగుసార్లు, ‘ఎ’ కోసం 2ని ఒకసారి, ‘ఆర్’ కోసం మళ్లీ 7ని మూడుసార్లు, ‘ఇ’ కోసం 3ని రెండుసార్లు, మొత్తం పదిసార్లు నొక్కాలి. ‘ఓకే’ని కుదించిన ‘కె’ అయితే 5ని రెండుసార్లు నొక్కితే చాలు. కిక్కిరిసిన బస్సులో ఒక చేత్తో కడ్డీ పట్టుకుని రెండో చేత్తో కొట్టేవాళ్లకి ఆ తేడా చాలా పెద్దది. మాటని ఊహించి రాసిపెట్టే టీ9 ఉండేది గానీ మా ఫోన్లలో దానికి తెలిసింది ఇంగ్లీషే, మన ‘వస్తున్నా’ని ఇంకేదో చేసేసేది, అందుకని దాన్ని ఆపేసి అచ్చులు మింగేసి హల్లులతోనే కానిచ్చేవాళ్లం.

టచ్ ఫోన్లు వచ్చిన కొత్తల్లో కూడా చాలావాటిలో తెలుగు మెసేజ్ డబ్బాలు డబ్బాలుగా కనిపించేది. అంతెందుకు, 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’తో ముడిపడిన ఒక అక్షరాల వరస మెసేజ్‌లో వస్తే చాలు, ఐఫోన్లలో యాప్‌లు మూతపడిపోయాయి. ఆపిల్ ఆ నెలలోనే సరిచేసిందనుకోండి.

ఇప్పుడా ఇబ్బందులు లేవు, అలవాటు మాత్రం మిగిలింది. పొట్టి రాతతో నాకు పేచీ లేదు. కానీ ఇంగ్లీషు అక్షరాల్లో త, ట ఒకటే, తాతకీ టాటాకీ తేడా చదివేవాళ్లే ఊహించుకోవాలి, ఆ నష్టం నిజమైనదే, మీకే జరిగింది. పైగా పిల్లల కంటికి తెలుగు అక్షరం కనిపించడం తగ్గేకొద్దీ చదవడం నెమ్మదిస్తుంది, నా దిగులల్లా దాని గురించే.

మా అమ్మ ఎన్నడూ మెసేజ్ కొట్టింది లేదు. గూగుల్ 2017లో తెలుగు వాయిస్ టైపింగ్ తెచ్చాక మైకు నొక్కి మాట్లాడటం నేర్చుకుంది. ‘వచ్చేటప్పుడు కరివేపాకు తీసుకురా పోయినసారి మర్చిపోయావు నాన్నకి మందులు కూడా’ అని కామా, ఫుల్‌స్టాప్ లేకుండా వస్తుంది, చదువుతుంటే ఆవిడ గొంతే వినిపిస్తుంది.

అమ్మాయిని కోప్పడకండి. పండక్కి వచ్చినప్పుడు ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగులో పడే కీబోర్డు పెట్టించండి. పైన వచ్చే మాటల్లోంచి ‘తాతా’ని ఎంచుకోవడం ఆమెకి క్షణం పని.

ప్రశ్న: తెలుగులో ఒక్క ఎస్సెమ్మెస్ పంపితే రెండు మూడింటి కింద లెక్కేస్తున్నారు. ఎందుకు?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: ఒక ఎస్సెమ్మెస్‌లో పట్టేది 140 బైట్లే, బైటుకి ఎనిమిది బిట్ల చొప్పున 1120 బిట్లు (ఫోన్ సమాచారాన్ని దాచుకునే అతిచిన్న ముక్కే బిట్). ఇంగ్లీషు అక్షరానికి 7 బిట్లు చాలు కాబట్టి 160 అక్షరాలు పడతాయి, తెలుగుకి 16 బిట్లు కావాలి, అందుకే 70. పైగా ఫోన్ గుణింతం గుర్తునీ వత్తునీ విడివిడిగా లెక్కేస్తుంది. ‘కృతజ్ఞతలు’ మన కంటికి ఐదక్షరాలు, ఫోన్‌కి తొమ్మిది. 70 దాటితే మెసేజ్ ముక్కలై ముక్కకి 67 మాత్రమే పడతాయి. ఇంగ్లీషు మెసేజ్‌లో ఒక్క తెలుగు అక్షరం పెట్టినా మొత్తానికీ ఇదే లెక్క. వాట్సాప్‌లో ఈ గొడవ లేదు, అక్కడ ఎంత తెలుగైనా రాసుకోండి.