మొగులైతే బొమ్మ పోతుంది: తప్పు వైరుదా, డిష్‌దా?

ప్రశ్న: డిష్ బంగ్లా మీద ఉంది, టీవీ కింది అంతస్తులో. మధ్యలో 35 మీటర్ల వైరు. కొంచెం మొగులైనా బొమ్మ గళ్ళుగళ్ళుగా పగులుతున్నది. పాత కేబుల్ టీవీ వైరే వాడినం. మార్చాలా?
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: వైరు కొనే ముందు సెట్‌టాప్ బాక్సు మెనూలో సిగ్నల్ పేజీ తెరవండి. స్ట్రెంగ్త్, క్వాలిటీ అని రెండు గీతలుంటాయి. స్ట్రెంగ్త్ బాగుండి క్వాలిటీ తక్కువుంటే ముందు డిష్ గురిని అనుమానించండి. ఫ్రీ డిష్ అయితే ఉపగ్రహం 93.5 డిగ్రీల తూర్పున ఉంది, మన దగ్గర డిష్ ఆగ్నేయం వైపు చూడాలి. స్ట్రెంగ్తే పడిపోతే అప్పుడు వైరు, కనెక్టర్లు చూడాలి.

వైరు మీది అచ్చు చదవండి. పాత కేబుల్ టీవీ వైరు చాలా ఇళ్ళల్లో ఆర్‌జీ-59 అనే సన్న రకం. డిష్ నుంచి దిగే సిగ్నల్ 950 నుంచి 2150 మెగాహెర్ట్జ్ దాకా ఉంటుంది, అంత పైకి పోయేకొద్దీ సన్న వైరులో నష్టం ఎక్కువ. 1000 మెగాహెర్ట్జ్ దగ్గర 100 మీటర్లకు ఆర్‌జీ-59లో సుమారు 26 డెసిబెల్స్ (సిగ్నల్ నష్టాన్ని కొలిచే లెక్క) పోతే, దానికన్నా లావైన ఆర్‌జీ-6లో 20 దాకా పోతాయి. మీ 35 మీటర్లకు తేడా రెండు మూడు డెసిబెల్సే. నిజానికి ఇంత తేడాకే బొమ్మ పోదు. అయినా మార్చాలనుకుంటే 75 ఓమ్‌ల ఆర్‌జీ-6 తీసుకోండి, పైతోలు నల్లది, ఎండకు తట్టుకునే రకం. మన ఎండలకు మామూలు తెల్ల తోలు పగిలి, అందులోంచి వాన నీళ్ళు జాలీలోకి (తోలు కింద ఉండే సన్న తీగల అల్లిక) దిగుతాయి.

ఎక్కువసార్లు చెడేది కనెక్టర్ దగ్గరే. పాతది కోసి చూడండి: జాలీ నల్లబడితే మెరిసే జాలీ వచ్చేదాకా వెనక్కి కోయాలి. కొత్త కొసకు నడిమి తీగ 6–7 మిల్లీమీటర్లు, దాని వెనక తెల్ల ఫోమ్ అంతే పొడవు తేల్చి, జాలీని తోలు మీదికి మడవాలి. ఫోమ్‌కు అంటుకున్న రేకును పీకొద్దు. జాలీ వెంట్రుక ఒక్కటి నడిమి తీగకు తగిలినా షార్టే, ఎల్‌ఎన్‌బీకి (డిష్ ముందు సిగ్నల్ అందుకునే చిన్న డబ్బా) కరెంటు అందదు. తిప్పి బిగించేవి కాకుండా పనిముట్టుతో నొక్కే కంప్రెషన్ కనెక్టర్ పెట్టించండి. ఎల్‌ఎన్‌బీ కింద వైరును ఒక వంపు తిప్పితే నీళ్ళు ఆ వంపు నుంచే కారిపోతాయి.

ప్రశ్న: డిష్ నుంచి టీవీ దాకా 65 మీటర్లు. షాపులో అసలు రాగి వైరే కావాలంటున్నారు, ధర ఎక్కువ. అవసరమా?
– ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: సిగ్నల్ కోసమైతే అక్కర్లేదు. అంత ఫ్రీక్వెన్సీ సిగ్నల్ తీగ పైపొరలోనే పారుతుంది, కాబట్టి రాగి పూత ఉన్న ఉక్కు తీగా పనిచేస్తుంది. కానీ బాక్సు అదే వైరులో ఎల్‌ఎన్‌బీకి 13 లేదా 18 వోల్టులు పంపుతుంది, ఏది పంపితే ఆ వర్గం చానళ్ళు వస్తాయి. ఉక్కులో ఆ వోల్టేజీ ఎక్కువ పడిపోతుంది. 18 వోల్టులు బాగా తగ్గితే ఎల్‌ఎన్‌బీ దాన్ని 13 అనుకొని, ఒక వర్గం చానళ్ళన్నీ మాయమవుతాయి. మంచి ఉక్కు వైరు 65 మీటర్లకు కూడా నెగ్గవచ్చు గానీ, మధ్యలో తుప్పు జాయింట్లుంటే కష్టం. ఆ దూరానికి రాగికి పెట్టిన డబ్బు దండగ కాదు. కొనేటప్పుడు నడిమి తీగకు అయస్కాంతం పెట్టి చూడండి, అంటుకుంటే ఉక్కే.

ప్రశ్న: ఒకే డిష్‌కు కేబుల్ టీవీ స్ప్లిట్టర్ పెట్టి రెండు బాక్సులు నడపొచ్చా?
– ఒక పాఠకుడు, అచ్చంపేట

జవాబు: వద్దు. ఆ స్ప్లిట్టర్ చాలావాటికి 1000 మెగాహెర్ట్జ్ దాకే పరిమితి, పైగా ఒక బాక్సు 13, ఇంకోటి 18 వోల్టులు పంపితే ఎవరి చానల్ ఎవరికొస్తదో తెలియదు. రెండు అవుట్‌పుట్ల ట్విన్ ఎల్‌ఎన్‌బీ వేయించి, రెండు వైర్లు విడివిడిగా దించండి.