‘ఇంటింటికీ తిరగడానికా ఇంత చదివించింది?’

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ పూర్తిచేసింది. ఇప్పుడు ఎంపీహెచ్ (మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్, అంటే ప్రజారోగ్యంలో పీజీ) చేస్తుందట. వలస కూలీలు, ఒంటరి వృద్ధులు ఉండే చోట్లకు వెళ్లి వాళ్ల ఆరోగ్య అవసరాలు అంచనా వేసే పని చేయాలట. ఇంటింటికీ తిరగడానికా ఇంత చదివించింది? హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్ గానీ, హెల్త్ డేటా అనలిటిక్స్ గానీ చేయమంటున్నాం. మూడూ పోల్చి చెప్పండి. - ఒక తండ్రి

జవాబు: పోలిక చివర్లో చెబుతాను. ఇలాంటి ఉత్తరాలు నాకు కొత్త కాదండీ. కోర్సుల పేర్లు మారుతుంటాయి, ‘ఇంటింటికీ తిరగడం’ అన్న మాట మాత్రం తప్పకుండా ఉంటుంది. నలుగురిలో ఏం చెప్పుకోవాలన్నదే మీ బెంగ అనుకుంటున్నాను.

ముందు ఆ తిరగడం ఏమిటో చూడండి. ఒక విద్యార్థిని తన మొదటి సర్వే కాగితాలు తెచ్చి చూపించింది. పొద్దున పదకొండింటికి వెళ్లారు. ‘తాళం’, ‘తాళం’ అని రాసుకుంటూ పక్కింటికి సాగిపోయారు. తనకెందుకో మనసొప్పక రాత్రి ఏడు దాటాక మళ్లీ వెళ్లింది. తాళాలన్నీ భార్యాభర్తలిద్దరూ కూలికెళ్లే ఇళ్లవి. పిల్లల టీకా కార్డుల్లో ఖాళీ గళ్లు ఎక్కువగా కనపడిందీ అక్కడే. పగటి లెక్కతో ఆగి ఉంటే ‘అంతా బాగుంది’ అని రిపోర్టు వెళ్లేది, టీకా శిబిరం మళ్లీ పగలే పెట్టేవారు.

1972లో జొనాథన్ బ్రాడ్‌షా అనే బ్రిటిష్ పరిశోధకుడు అవసరాలను నాలుగు రకాలుగా విడదీశాడు. నిపుణులు నిర్ణయించేది, మనిషికి లోపల అనిపించేది, నోరు తెరిచి అడిగేది, సాటివాళ్లతో పోలిస్తే తేలేది. ఈ నాలుగూ ఒకచోట కలవడం అరుదు. నిపుణులు షుగర్ పరీక్షలు కావాలంటారు, అక్కడివాళ్లు ముందు నీళ్ల సంగతి చూడమంటారు. మీ ఉత్తరంలోనూ అంతే, మొదటి రకమే, అంటే పెద్దలు నిర్ణయించిందే ఉంది. అమ్మాయి మనసులో మాటను ‘చేస్తుందట’, ‘చేయాలట’ అని రెండు ‘ట’లతో తేల్చేశారు. ఎందుకు చేస్తానంటోందో ఒక్కసారైనా కూర్చోబెట్టి అడిగారా?

ఇక డేటా అనలిటిక్స్, అంటే ఆసుపత్రుల రికార్డులను కంప్యూటర్లో విశ్లేషించే పని. అందరూ అటే పరుగెడుతున్నారు, అందుకే నాకు అనుమానం. క్లినిక్ గడప తొక్కని ముసలమ్మ స్క్రీన్ మీద కనపడదు. ఆ లెక్కల ప్రకారం ఆవిడకు ఏ జబ్బూ లేనట్టే. వైద్యం ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకే తక్కువగా అందుతుందని జూలియన్ ట్యూడర్ హార్ట్ అనే డాక్టరు 1971లోనే రాశాడు. అంటే రికార్డులు నిండేది కూడా అవసరం తక్కువున్న వాళ్లతోనే. ఆ రికార్డులకు ఎంత అందమైన గ్రాఫులు గీసినా ఏం లాభం? పైగా ఆర్నెల్ల కోర్సుల్లో నేర్పే సాఫ్ట్‌వేర్ ఏటేటా మారుతుంది. అలాగని లెక్కలు వద్దనను, అమ్మాయికి స్టాటిస్టిక్స్ తప్పదు. టీకాలు ఎందరికి అందాయో తేల్చడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ వాడిన పాత పద్ధతిలో 30 చోట్లు ఎంచి, చోటుకు ఏడుగురు చొప్పున 210 మంది పిల్లలను చూసేవారు. ఆ 30 ఎలా ఎంచాలన్నదే అసలు విద్య. అది ఎంపీహెచ్‌లో నేర్పుతారు.

హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్‌లో స్థిరత్వం ఎక్కువే. పడకలు, బిల్లులు, డ్యూటీ చార్టులు ఇష్టమైనవాళ్లకు మంచి దారి. మీ అమ్మాయి ఆ తరహా మనిషిలా అనిపించలేదు. ఎంపీహెచ్‌లో లోటు దాచను: చాలా ఉద్యోగాలు ప్రాజెక్టువి, నిధులు అయిపోతే కొలువూ అయిపోతుంది. కానీ నర్సింగ్ రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకుంటూ ఉంటే ఆసుపత్రి దారి మూసుకుపోదు. మీరు చదివించింది వృథా కాదు. బీపీ చూడటం, పుండుకు కట్టు కట్టడం తెలిసిన మనిషికి తలుపులు తొందరగా తెరుస్తారు. ఉత్త ఫారం పట్టుకెళ్లినవాళ్లకు ఆ సౌకర్యం లేదు.

చేరేముందు కాలేజీలో రెండు కనుక్కోండి: ఫీల్డ్‌వర్క్ ఎన్ని వారాలు, పోయినేడు బయటికొచ్చినవాళ్లు ఎక్కడ పనిచేస్తున్నారు. చీకటి పడ్డాక ఇళ్లకు వెళ్లాల్సొస్తే ఇద్దరిద్దరిని పంపుతారా అన్నది మూడో ప్రశ్న. అది మీరు అడగండి, మొదటి రెండూ అమ్మాయినే అడగనివ్వండి.