పోటు చూసుకుని బయల్దేరండి

(పాఠకుల ప్రశ్నలకు, కాకినాడలో స్థిరపడిన రిటైర్డ్ జువాలజీ లెక్చరర్ జవాబులు)

ప్రశ్న: పోయిన సెప్టెంబరులో మావారూ, నేనూ, పిల్లాడూ వలస పిట్టల్ని చూద్దామని కాకినాడ దగ్గరి కోరంగి మడ అడవికి వెళ్ళాం. చెక్కబాట మీద రెండు గంటలు తిరిగినా కొంగలూ, ఒక లకుముకీ తప్ప ఏమీ కనబడలేదు. పిట్టలు రావడం మానేశాయా, మాకే చూడ్డం రాలేదా?
– ఒక గృహిణి, రామచంద్రపురం

జవాబు: పిట్టలు వచ్చాయి తల్లీ. మీరు వెళ్ళిన చోటు వేరు, అవి దిగే చోటు వేరు. చెక్కబాట మడచెట్ల మధ్య నుంచి పోతుంది. మీరు వెతికిన వలస పిట్టలు ఎక్కువగా ఉల్లంకులు, అంటే బురదలో మేసేవి. ఉల్లంకి పిట్టలకి చెట్టు పక్కన మేయడం నచ్చదు, డేగ ఎటునుంచి వస్తుందో కనబడాలి కదా. వాటికి కావలసింది బోడి బురద. కాకినాడలో కుంభాభిషేకం అనే చోటు వైపు పర్రల (బురద నేలల) దగ్గరికి వెళ్ళాల్సింది.

రెండోది వేళ. బయల్దేరేముందు రాహుకాలం చూసుకున్నారో లేదో గానీ, పోటు వేళ, అంటే సముద్రపు నీరు ఎక్కే వేళ, మాత్రం చూసుకుని ఉండరు. పాటు వేళ నీరు జారిపోతే పిట్టలూ ఆ నీటి అంచు పట్టుకుని దూరంగా పోతాయి. ఒడ్డు నుంచి చూస్తే ఆవాలు చల్లినట్టుంటుంది. పోటు ఎక్కేకొద్దీ ఆ నీరే వాటిని మన దగ్గరికి తోసుకొస్తుంది. నిండు పోటుకి రెండు గంటల ముందు చేరుకుని, ఒకచోట కదలకుండా కూర్చోండి. పాతికేళ్ళుగా నేను చేస్తున్న ఘనకార్యం అదొక్కటే.

లెక్క సులువే. పోటు రోజుకి రెండుసార్లు. ఇవాళ్టి పోటు రేపటికి సుమారు 50 నిమిషాలు, అంటే మన లెక్కలో రెండు ఘడియలు, ఆలస్యంగా వస్తుంది. అమావాస్యనాడు ఏ వేళకి నిండితే పున్నమికీ ఇంచుమించు ఆ వేళకే. రేవులో వలలు బాగుచేసుకునేవాళ్ళని అడిగినా చెబుతారు. ఇంకో సంగతి, మనది తూర్పు తీరం. పొద్దున్నే వెళ్తే సూర్యుడు కళ్ళల్లో కొడతాడు, పిట్టలన్నీ నల్లబొమ్మల్లా కనిపిస్తాయి. సాయంత్రం నాలుగైదింటికి పోటు నిండే రోజు చూసుకోండి, వెలుగు మీ వీపు వెనక ఉంటుంది.

ప్రశ్న: బైనాక్యులర్స్‌తో చూస్తే అన్నీ బూడిదరంగే. పుస్తకం తెరిస్తే ఇంకా తికమక. ఏది ఏదో ఎలా తెలుస్తుంది?
– బీయెస్సీ విద్యార్థి, అమలాపురం

జవాబు: రంగు వదిలెయ్యి నాయనా. భాద్రపదంలో రంగుని నమ్మితే మోసపోతావు. అప్పుడే దిగిన, ఈడొచ్చిన పిట్టలకి జతకట్టే కాలంనాటి ఇటుకరంగు ఇంకా పూర్తిగా పోదు. కర్లూ సాండ్‌పైపర్ అనే ఉల్లంకి ఒకదాని పొట్ట మీద ఎర్రటి మరకలుంటాయి, పక్కదానికి ఏమీ ఉండవు. రెండూ ఒకటే జాతి.

ముక్కు చూడు, నడక చూడు. సాండ్ ప్లోవర్‌ది పొట్టి ముక్కు, పెద్ద కళ్ళు. నాలుగడుగులు పరిగెత్తి, టక్కున ఆగి, వంగి పొడుస్తుంది. టిబెట్, లడఖ్ ఎత్తుల్లో పుట్టి హిమాలయాలు దాటి వచ్చే పిట్టలు వీటిలో ఉన్నాయి. లిటిల్ స్టింట్ అసలు తలే ఎత్తదు, కుట్టుమిషను సూదిలా పొడుస్తూనే ఉంటుంది. మూడు పదిరూపాయల బిళ్ళలంత బరువు, సైబీరియా ఉత్తరపు అంచు నుంచి వస్తుంది! ముక్కు కాస్త పైకి వంగి, పసుపు కాళ్ళతో, పీతల వెంట తాగినవాడిలా అటూ ఇటూ ఉరికితే టెరెక్ సాండ్‌పైపర్. ముక్కు కొడవలిలా కిందికి వంగితే కర్లూ (ఇందాకటి కర్లూ సాండ్‌పైపర్ కాదు, వేరే పిట్ట) గానీ విమ్‌బ్రెల్ గానీ. నడినెత్తిన పాపిట కనబడిందా, విమ్‌బ్రెల్. కర్లూ ముక్కు మరీ పొడుగు, బురద లోపల దాని కొస ఒక్కటే తెరుచుకుని పట్టకారులా పురుగుని పట్టుకుంటుంది.

పెద్దవి ముందొస్తాయి, ఆ ఏడు పుట్టిన పిల్లలు వెనకొస్తాయి. దారి చూపడానికి తల్లీ తండ్రీ ఎవరూ ఉండరు. ఏటా క్లాసులో ఈ ముక్క చెప్పేవాణ్ణి. చెప్పిన ప్రతిసారీ నేనే ఒక క్షణం ఆగిపోయేవాణ్ణి.

ప్రశ్న: ఫోనులో ఫోటో పడాలంటే దగ్గరికి వెళ్ళాలి. ఎగిరినా మళ్ళీ వాలతాయి కదా, తప్పేముంది?
– ఒక పాఠకుడు, యానాం

జవాబు: ఒకసారి నేనూ వెళ్ళానండి. అడుసు తొక్కనేల అన్న సామెత ఆరోజే ఒంటబట్టింది. మోకాలిదాకా దిగబడ్డాను, ఒక చెప్పు ఇప్పటికీ అక్కడే ఉంది. పీతలు ఏరుకునే ఆవిడ చెయ్యిచ్చి లాగి, "పిట్ట నడిచిందని నువ్వూ నడుస్తావా బాబూ, దాని బరువెంత, నీ బరువెంత!" అంది.

ఇక పిట్టల మాట. రాత్రీ పగలూ లేదు, పాటు వచ్చిందంటే వాటికి మేతే. నిలబడి కునుకు తీసేది నిండు పోటు గంటలోనే, మీరు లేపేదీ ఆ గంటలోనే. వేల కిలోమీటర్లు ఎగిరి ఒంట్లో కొవ్వు కరిగించుకుని దిగినవి, కొన్నింటికి ఇంకా శ్రీలంక దాకా ప్రయాణం ఉంది. ఒక్కసారి లేచి వాలడం చిన్న సంగతేమీ కాదు. ఒడ్డున కూర్చుని తియ్యండి, పోటు వాటిని తెస్తుంది.

కాలికి రంగు జెండా (చిన్న ప్లాస్టిక్ ముక్క) ఉన్న పిట్ట కనబడితే మాత్రం ఏ కాలికి, మోకాలిలా కనబడే కీలుకి పైనా కిందా, ఏ రంగు, ఏమైనా అక్షరాలున్నాయా రాసుకోండి. దాన్ని ఏ దేశంలో పట్టి వదిలారో తేల్చేది ఆ రంగులే. నాకు పంపండి, ఫోటో మసకగా ఉన్నా ఫర్వాలేదు.